తీసేసిన మాడ్ ఎక్కడెక్కడ మిగిలిపోతుంది?

“మాడ్‌లన్నీ తీసేశాను. గేమ్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేశాను. అయినా అదే క్రాష్.” పీసీ మీద గేమ్‌లు ఆడేవారి నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. మాడ్ అంటే గేమ్‌ను మార్చడానికి ఆటగాళ్లు తయారుచేసి వేసుకునే అదనపు ఫైళ్ల కట్ట. ఆ తర్వాత అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీదికి మళ్లుతుంది. డ్రైవర్ మారుస్తారు, ర్యామ్ తీసి తుడిచి పెడతారు, ఓపిక నశించాక విండోస్‌నే కొత్తగా వేసుకుంటారు. చాలాసార్లు ఇంత హంగామా అక్కర్లేదు. తీసేశామనుకున్న మాడ్ ఎక్కడో కొంత మిగిలే ఉంటుంది. ఎక్కడ మిగిలిందో తెలియకపోవడమే అసలు చిక్కు.

గేమ్ అంటే ఒక ఫోల్డర్ అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. స్కైరిమ్‌నే తీసుకుందాం. బెథెస్డా సంస్థ 2011 నవంబర్ 11న విడుదల చేసిన గేమ్ ఇది. 2016 అక్టోబర్‌లో దీనికే 64 బిట్ స్పెషల్ ఎడిషన్ వచ్చింది. ఈ గేమ్ జోలికి వెళ్లినవారిలో మాడ్ వేయకుండా ఊరుకున్నవారు తక్కువ. కంప్యూటర్‌లో ఇది నాలుగు చోట్ల కాపురం ఉంటుంది. గేమ్‌లు కొని దించుకునే స్టీమ్ అనే ప్రోగ్రామ్‌లో కామన్ అనే ఫోల్డర్ కింద గేమ్‌ను నడిపే ఈఎక్స్‌ఈ ఫైలు ఉన్న చోటు ఒకటి. దాని లోపలే ఉండే డేటా ఫోల్డర్ రెండోది. డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ కింద సెట్టింగుల ఇనీ ఫైళ్లు, సేవ్‌లు ఉండేది మూడోది. ఇక నాలుగోది మామూలుగా కంటికి కనిపించని యాప్‌డేటా ఫోల్డర్. ఏ ప్లగిన్ (గేమ్‌లోని పాత్రలు, వస్తువుల వివరాలను మార్చే మాడ్ ఫైలు) ఏ వరుసలో లోడ్ కావాలో చెప్పే జాబితా అక్కడ ఉంటుంది. మాడ్ అన్నది ఈ నాలుగింటిలో ఎక్కడైనా చేయి పెట్టవచ్చు. కొన్ని నాలుగింటిలోనూ పెడతాయి.

స్టీమ్‌కు వీటిలో తెలిసింది మొదటి రెండే, అదీ సగమే. గేమ్‌తో పాటు తాను దించిన ఫైళ్ల పట్టీ ఒకటి దాని దగ్గర ఉంటుంది. గేమ్ ఫైళ్లు సరిగా ఉన్నాయో లేదో చూడమని అడిగితే ఆ పట్టీలోని ఫైళ్లను ఒక్కొక్కటిగా పోల్చి చూస్తుంది. పాడైనదాన్ని, మార్చినదాన్ని మళ్లీ దించుతుంది. పట్టీలో లేని ఫైలును ముట్టుకోదు. డేటా ఫోల్డర్‌లో వెయ్యి మాడ్ ఫైళ్లు పడి ఉన్నా అన్నీ సవ్యంగా ఉన్నాయనే చెబుతుంది. దాని లెక్కలో అది నిజమే. అన్‌ఇన్‌స్టాల్ కూడా అంతే. తన ఫైళ్లను తీసుకుని వెళ్లిపోతుంది, మిగతావి ఫోల్డర్‌తో సహా అక్కడే ఉంటాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త ఫైళ్లు వచ్చి సరిగ్గా ఆ పాత సామాను మధ్యే కూర్చుంటాయి. అందుకే ఎవరైనా “మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను” అంటే దాన్ని రుజువుగా తీసుకోకూడదు. అన్‌ఇన్‌స్టాల్ చేశాక ఆ ఫోల్డర్ ఇంకా ఉందా అని అడగాలి.

ఎప్పుడు పడిపోతోంది?

దేన్నీ తొలగించకముందు గమనించవలసింది గేమ్ ఏ క్షణంలో పడిపోతోందన్నది. మిగులు ఎక్కడుందో చెప్పే ఆనవాలు అందులోనే ఉంటుంది. ప్లే నొక్కగానే, లోగో కూడా కనబడకముందే మూసుకుపోతే తప్పు దాదాపుగా ఈఎక్స్‌ఈ పక్కనున్న ఫైళ్లలో ఉంటుంది. లోగో వచ్చి, మెనూ రాకముందే పడిపోతే ప్లగిన్‌ల జాబితాను అనుమానించాలి. ఒక ప్లగిన్ తాను ఆధారపడే మరో ప్లగిన్ లేకుండా మిగిలిపోతే స్కైరిమ్ ఏ వివరణా ఇవ్వకుండా అక్కడే కూలుతుంది. మెనూ బాగానే వచ్చి, పాత సేవ్ లోడ్ చేసినప్పుడు మాత్రమే గొడవైతే చూడవలసింది ఆ సేవ్‌నే. కొత్త ఆట మొదలుపెట్టినా అదే తంతు అయితే సేవ్‌ను వదిలేసి డేటా ఫోల్డర్, ఇనీ ఫైళ్ల వైపు చూడాలి.

ఈ చివరి పరీక్షకు కొత్త ఆటను మొదటి నుంచి ఆడనక్కర్లేదు. స్కైరిమ్ ఆరంభంలో చేతులు కట్టేసి బండిలో తీసుకెళ్లే ఆ సుదీర్ఘ ప్రయాణాన్ని పరీక్ష కోసం మళ్లీ మళ్లీ చూడడమంత శిక్ష మరొకటి లేదు. మెనూ తెర మీదే ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరిచి సీఓసీ అని, ఖాళీ వదిలి రివర్‌వుడ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే గేమ్ నేరుగా ఆ ఊళ్లో దించుతుంది. పాత సేవ్‌తో సంబంధం లేని శుభ్రమైన ప్రపంచం అది. అక్కడ పది నిమిషాలు తిరిగితే సమస్య సేవ్‌లో ఉందా, బయట ఉందా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఆ సేవ్‌ను మాత్రం ఉంచుకోవద్దు. కథ మొదలుకాని ప్రపంచం కాబట్టి ఆడుకోవడానికి పనికిరాదు.

ఈఎక్స్‌ఈ పక్కన కూర్చున్నవి

గ్రాఫిక్స్ మాడ్‌ల పని తీరు కొంచెం విచిత్రంగా ఉంటుంది. ఈఎన్‌బీ అనే ప్రసిద్ధమైన మాడ్‌ను స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌కు వేసేటప్పుడు డీ3డీ11 అనే డీఎల్‌ఎల్ ఫైలును (ప్రోగ్రామ్ నడుస్తూ పిలుచుకునే సహాయక ఫైలు) ఈఎక్స్‌ఈ పక్కన పెడతాం. ఆ పేరుతోనే విండోస్‌కు సొంత ఫైలు ఒకటి సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంది. తెర మీద బొమ్మ గీయడానికి గేమ్ పిలిచేది దాన్నే. అయితే ఇలాంటి ఫైలు కావాల్సినప్పుడు విండోస్ ముందు ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అక్కడ దొరకకపోతేనే సిస్టమ్ ఫోల్డర్‌కు వెళ్తుంది. పక్కన అదే పేరుతో మరొకరు కూర్చుని ఉంటే పిలుపు వారికే అందుతుంది. ఈఎన్‌బీ ఆ పిలుపును అందుకుని, తన రంగులూ నీడలూ కలిపి, అసలు ఫైలుకు చేరవేస్తుంది. రీషేడ్ అనే మరో గ్రాఫిక్స్ పనిముట్టు కూడా ఇదే దారిలో నడుస్తుంది.

ఇలాంటిది మిగిలిపోతే ఏమవుతుందో ఊహించవచ్చు. ఈఎన్‌బీకి సంబంధించిన ఇనీ ఫైళ్లను, ఫోల్డర్లను తుడిచి ఆ ఒక్క డీఎల్‌ఎల్‌ను మరిచిపోతే, గేమ్ ప్రతిసారీ దాని గుండానే వెళ్తుంది. తెర నల్లగా ఉండిపోవచ్చు, రంగులు వెలిసిపోయినట్టు కనిపించవచ్చు, లేదా గేమ్ తెరుచుకోకపోవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, ఎందుకంటే పిలుపు డ్రైవర్ దాకా చేరకముందే దారి మళ్లుతోంది. ఇతర గేమ్‌లలో ఇదే పాత్ర వేరే పేర్లతో కనిపిస్తుంది. జీటీఏ 5లో మాడ్‌లను లోడ్ చేసే డీఇన్‌పుట్8, సైబర్‌పంక్ 2077లో సైబర్ ఇంజిన్ ట్వీక్స్ వాడే వెర్షన్ అనే డీఎల్‌ఎల్ ఈ కోవలోవే. పేరు చూస్తే విండోస్ ఫైళ్లలా ఉంటాయి కాబట్టి తీసేయడానికి చేయి రాదు. అసలైన విండోస్ ఫైలు ఉండేది సిస్టమ్ ఫోల్డర్‌లో. గేమ్ ఫోల్డర్‌లో కనబడిన ఈ మూడు పేర్లనూ ముందు అనుమానించడమే మంచిది. తొలగించడానికి భయమైతే పేరు మార్చి చూడండి. గేమ్‌కు నిజంగా కావలసిన ఫైలే అయితే స్టీమ్ పరిశీలనలో తిరిగి వచ్చేస్తుంది.

ఈ వర్గంలోదే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్. గేమ్‌లో ఏం జరగాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్‌లైన స్క్రిప్టులకు, గేమ్ ఇవ్వని సామర్థ్యాలను ఇది కలుపుతుంది. స్కైరిమ్‌లో దీన్ని ఎస్‌కేఎస్‌ఈ అంటారు. ఇది గేమ్ ఈఎక్స్‌ఈలోని ఫలానా చోట ఫలానా ఆదేశం ఉంటుందన్న లెక్క మీద పనిచేస్తుంది. ఈఎక్స్‌ఈ మారితే లెక్క తప్పుతుంది. 2021 నవంబర్ 11న, గేమ్‌కు పదేళ్లు నిండిన రోజున, బెథెస్డా యానివర్సరీ ఎడిషన్ విడుదల చేస్తూ ఈఎక్స్‌ఈని కొత్త కంపైలర్‌తో (రాసిన కోడ్‌ను ఈఎక్స్‌ఈగా మార్చే ప్రోగ్రామ్) తయారుచేసింది. అప్పటిదాకా పనిచేస్తున్న ఎస్‌కేఎస్‌ఈ ప్లగిన్‌లను దానికి తగ్గట్టు మళ్లీ తయారుచేయవలసి వచ్చింది. అలా పాతబడిన ప్లగిన్‌లు డేటాలోని ఎస్‌కేఎస్‌ఈ ఫోల్డర్‌లో ఉండిపోవడం ఇప్పటికీ తరచూ చూసే మిగులు. జీటీఏ 5 వారికి ఈ అనుభవం ఇంకా ఎక్కువ. గేమ్‌కు అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అక్కడ ఇలాంటి పనే చేసే స్క్రిప్ట్ హుక్ వీ, పాతదైతే, తనకు ఈ వెర్షన్ తెలియదంటూ పెట్టె చూపించి ఆగిపోతుంది. అది మంచి అలవాటే. తెలియకపోయినా ముందుకు వెళ్లి మధ్యలో కూలడం కంటే తెలియదని చెప్పి ఆగడం మేలు.

లిడియా ముఖం నల్లబడితే

డేటా ఫోల్డర్ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. స్కైరిమ్ తన బొమ్మలు, శబ్దాలు, స్క్రిప్టులను బీఎస్‌ఏ అనే మూటల్లో కట్టి ఉంచుతుంది. అదే ఫైలు విడిగా, అదే దారిలో, అదే పేరుతో డేటా ఫోల్డర్‌లో కనబడితే మూటలోదాన్ని పక్కనపెట్టి విడి ఫైలును వాడుతుంది. మాడ్‌లకు బతుకుతెరువు ఈ నియమమే. మిగులు సమస్యలకు మూలం కూడా ఇదే. ప్లగిన్‌ను ఆపేసినా విడి ఫైళ్లు ఆగవు. వాటికి ప్లగిన్ అనుమతి అక్కర్లేదు. అక్కడ ఉంటే చాలు, గేమ్ వాటిని చదువుతుంది.

దీనికి కళ్లెదుట కనిపించే ఉదాహరణ ముఖాల నలుపు. వైట్‌రన్ నగరంలో మీకు తోడుగా వచ్చే లిడియాను అందంగా మార్చే మాడ్ ఒకటి వేశారనుకుందాం. అలాంటి మాడ్‌లో రెండు భాగాలుంటాయి. లిడియాకు ఏ ముక్కు, ఏ కళ్లు, ఏ జుట్టు అని రాసి ఉండే ప్లగిన్ ఒకటి. ఆ వివరాల ప్రకారం ముందే తయారుచేసి పెట్టిన తల ఆకృతి, చర్మపు రంగు ఫైళ్లు రెండోది. రెండోవి డేటాలో ఫేస్‌జెన్‌డేటా అనే ఫోల్డర్ లోపల ఉంటాయి. మాడ్ నచ్చక ప్లగిన్‌ను తీసేశారు, విడి ఫైళ్లు మాత్రం మిగిలాయి. ఇప్పుడు గేమ్ రికార్డులో లిడియాకు అసలు ముక్కూ కళ్లూ ఉన్నాయి, చేతికి దొరికిన తల మాత్రం మాడ్‌ది. రెండూ పొసగవు. ఫలితంగా ఒంటి రంగు మామూలుగానే ఉండి, ముఖం ఒక్కటే బూడిద రంగుకో నలుపుకో తిరుగుతుంది, మెడ దగ్గర గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది.

దీన్ని చూసినవారు ముందు చర్మపు టెక్స్చర్లను (ఆకృతి మీద పరిచే బొమ్మలను) మారుస్తారు, ఆపై వెలుగునీడల సెట్టింగులను. వాటితో కుదరదు. ఫేస్‌జెన్‌డేటా కింద ఫేస్‌జియోమ్, ఫేస్‌టింట్ అని రెండు ఫోల్డర్లుంటాయి. మొదటిది మెషెస్ లోపల, రెండోది టెక్స్చర్స్ లోపల. ప్రతి ముఖానికీ ఈ రెండింటిలోనూ ఒక్కో ఫైలు. వాటి పేరు లిడియా అని ఉండదు, ఎనిమిది అక్షరాల సంఖ్య మాత్రమే ఉంటుంది. అందుకే ఏది ఎవరి ముఖమో చూపుతో చెప్పలేం. మాడ్‌లన్నీ మానేసిన వ్యక్తి అయితే ఇంత పట్టింపు అక్కర్లేదు. స్పెషల్ ఎడిషన్ అసలు గేమ్‌లో మెషెస్, టెక్స్చర్స్ అనే విడి ఫోల్డర్లే ఉండవు, అంతా మూటల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ రెండు ఫోల్డర్లు డేటాలో కనిపించాయంటే అవి బయటి నుంచి వచ్చినవే. పూర్తిగా పక్కకు తీసి గేమ్ నడిపి చూడవచ్చు.

రాళ్లూ గోడలూ ఊదా రంగులో కనబడితే టెక్స్చర్ దొరకలేదని, వస్తువు ఉండాల్సిన చోట ఎర్రటి ఆశ్చర్యార్థకం తేలితే ఆకృతి ఫైలు దొరకలేదని అర్థం. ఇది ముఖం నలుపుకు తలకిందులైన వ్యవహారం. అక్కడ ప్లగిన్ పోయి ఫైళ్లు మిగిలాయి, ఇక్కడ ఫైళ్లు పోయి ప్లగిన్ మిగిలింది.

ఏ మాడ్‌కూ చెందని ఫైళ్లు

మిగులులో అన్నిటికంటే మొండిది మాడ్ తెచ్చిన ఫైలు కాదు, మాడ్‌లను చూసి మరో పనిముట్టు తయారుచేసిన ఫైలు. స్కైరిమ్‌లో కొత్త నడకలు, కత్తి విసుర్లు కలిపే మాడ్‌లు వేసినప్పుడు ఫ్నిస్ లేదా నెమెసిస్ అనే పనిముట్టు నడపాలి. అది అన్నిటినీ కలిపి పాత్రల కదలికలను శాసించే కొత్త ఫైళ్లను రాస్తుంది. తర్వాత ఆ కదలికల మాడ్‌లు తీసేసినా, పనిముట్టు రాసిన ఫైళ్లు ఏ మాడ్ ఖాతాలోనూ లేవు కాబట్టి అక్కడే ఉంటాయి. లేని కదలికల కోసం వెతుక్కుంటూ ఊరి జనమంతా చేతులు రెండు వైపులా చాచి, కొయ్యబొమ్మల్లా జారుతూ తిరుగుతారు. మాడ్‌లను నిర్వహించే మాడ్ ఆర్గనైజర్ 2 అనే ప్రోగ్రామ్ వాడేవారు ఓవర్‌రైట్ అనే ఫోల్డర్‌ను ఎప్పుడో ఒకసారి తెరిచి చూడాలి. ఇలా దిక్కులేని ఫైళ్లు చేరేది అక్కడికే.

ది విచర్ 3లో ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండు మాడ్‌లు ఒకే స్క్రిప్టును మారిస్తే స్క్రిప్ట్ మెర్జర్ అనే పనిముట్టు వాటిని కలిపి, మాడ్ అనే మాటకు నాలుగు సున్నాలు తగిలించి మెర్జ్‌డ్‌ఫైల్స్ అనే పేరుతో కొత్త ఫోల్డర్ ఒకటి పెడుతుంది. మాడ్‌లు రెండూ వెళ్లిపోయినా ఈ కలగలుపు ఫోల్డర్ ఉండిపోతుంది. ఈ గేమ్ మొదలయ్యేటప్పుడు స్క్రిప్టులను కంపైల్ చేస్తుంది, పొంతన కుదరకపోతే తప్పుల పట్టిక చూపి ఆగుతుంది. 2022 డిసెంబర్ 14న 4.0 అప్‌డేట్ వచ్చినప్పుడు చాలామంది ఆ పట్టిక చూసి బెదిరిపోయారు. నిజానికి దాని కంటే సాయపడే ఎర్రర్ గేమ్‌లలో అరుదు. ప్రతి వరుస మొదట్లో ఏ మాడ్ ఫోల్డర్‌లో తప్పుందో పేరుతో సహా రాసి ఉంటుంది. ఆ పేరు మెర్జ్‌డ్‌ఫైల్స్ అయితే ఆ ఫోల్డర్‌ను పక్కకు పెట్టి, మిగిలిన మాడ్‌లతో మెర్జర్‌ను మళ్లీ నడపాలి. విచర్ మాడ్‌లు డీఎల్‌సీ ఫోల్డర్‌లోనూ, మెనూల వరుసలు ఉండే యూజర్ కాన్ఫిగ్ మ్యాట్రిక్స్ ఫోల్డర్‌లోనూ కూడా ఫైళ్లు పెడతాయి. మాడ్ పోయినా సెట్టింగుల్లో దాని మెనూ కనబడుతోందంటే ఆ రెండో చోట చూడాలి.

మాడ్ మేనేజర్ వాడితే ఈ బాధలుండవని చెబుతుంటారు. అది ఏ మేనేజర్ అన్నదాని మీద ఆధారపడుతుంది. మాడ్ ఆర్గనైజర్ 2 అసలు డేటా ఫోల్డర్‌లో ఏమీ పెట్టదు. తన ద్వారా గేమ్ నడిపినప్పుడు మాత్రం మాడ్‌లన్నీ అక్కడున్నట్టు గేమ్‌ను నమ్మిస్తుంది. అందువల్ల ఒక ఉచిత పరీక్ష దొరుకుతుంది. దాన్ని పక్కనపెట్టి స్టీమ్ నుంచే గేమ్ నడపండి. సమస్య అప్పుడూ ఉంటే మిగులు నిజమైన ఫోల్డర్‌లోనే ఉందన్నమాట. ఇక వోర్టెక్స్ అనే మరో మేనేజర్ పద్ధతి వేరు. అది మాడ్ ఫైళ్లను తన గోదాములో ఉంచి, మామూలుగా హార్డ్ లింకుల ద్వారా డేటా ఫోల్డర్‌లో కూడా కనబడేలా చేస్తుంది. హార్డ్ లింక్ షార్ట్‌కట్ లాంటిది కాదు. ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు పేర్లు, రెండూ సమానమే. గోదాములో పేరు చెరిపేసినా డేటాలోని పేరు దగ్గర ఫైలు నిక్షేపంగా ఉంటుంది. కాబట్టి వోర్టెక్స్‌ను తీసేసే ముందు ఆ లింకులన్నీ తీసేసే పర్జ్ బటన్ అందులో నొక్కాలి. అది నొక్కకుండా వోర్టెక్స్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మాడ్‌లన్నీ యజమాని లేని ఆస్తిలా గేమ్‌లో ఉండిపోతాయి. వోర్టెక్స్‌ను మళ్లీ వేసి, ఆ గోదామునే చూపించి పర్జ్ చేయడం చాలాసార్లు పనిచేస్తుంది.

ఇనీ ఫైళ్ల విషయంలో ఎక్కువ చెప్పాల్సింది లేదు. స్కైరిమ్, స్కైరిమ్‌ప్రెఫ్స్ అనే రెండు ఇనీలను పక్కకు పెట్టి స్టీమ్ నుంచి లాంచర్ తెరిస్తే కొత్తవి తయారవుతాయి. అందరూ మరిచేది స్కైరిమ్‌కస్టమ్ అనే మూడోదాన్ని. అది ఉంటే అందులోని విలువలే చెల్లుతాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌కు అప్పగించిన కంప్యూటర్లలో ఇంకో తమాషా ఉంది. మై గేమ్స్ ఫోల్డర్ రెండు చోట్ల కనబడవచ్చు. మనం శుభ్రం చేసింది ఒకటి, గేమ్ చదివేది మరొకటి. ఒకసారి గేమ్‌లో ఏదైనా సెట్టింగు మార్చి, ఏ ఫోల్డర్‌లోని ఫైలు తేదీ మారిందో చూస్తే తేలిపోతుంది.

సేవ్ ఫైలు సంగతి

పైవన్నీ కేవలం ఫైళ్లు. ఓపికుంటే వెతికి తీయవచ్చు. సేవ్‌లో మిగిలినది అలా కాదు. చాలా గేమ్‌లలో సేవ్ అంటే మనం ఎక్కడున్నాం, చేతిలో ఏమున్నాయి అనే చిన్న చీటీ. స్కైరిమ్‌లో అలా కాదు. ప్రపంచంలో మారిన ప్రతి వస్తువు స్థితితో పాటు, ఆ క్షణంలో నడుస్తున్న స్క్రిప్టులు, వాటి చరరాశుల విలువలు కూడా సేవ్‌లోకి వెళ్తాయి. మాడ్ తన స్క్రిప్టును గేమ్‌లోని ఒక పాత్రకు తగిలించిందంటే, ఆ తగిలింపు సేవ్‌లో నమోదవుతుంది. తర్వాత మాడ్‌ను డిస్క్ నుంచి పూర్తిగా చెరిపినా ఆ నమోదు చెరగదు.

2011 నాటి గేమ్‌లో దీని చెడ్డ రూపం కనిపించేది. ఒక స్క్రిప్టు “ఇన్ని సెకన్లకొకసారి నన్ను పిలువు” అని గేమ్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. నమోదు రద్దు చేసుకోకుండా మాడ్ పోతే, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారి పేరున ఉత్తరాలు వస్తూనే ఉన్నట్టు గేమ్ ఆ పిలుపులు పంపుతూనే ఉండేది. తీసుకునేవారు లేక అవి సేవ్‌లో పేరుకుపోయేవి. సేవ్ ఫైలు పరిమాణం ఉబ్బుతూ పోయేది, లోడ్ కావడానికి పట్టే సమయం పెరిగేది, చివరికి క్రాష్. అందుకే ఒక్కసారికే పిలిపించుకుని, అవసరమైతే మళ్లీ నమోదు చేసుకునే పద్ధతి వాడమని మాడ్ రాసేవారికి చెబుతారు. స్క్రిప్టు లేకుండా పోతే ఆ గొలుసు దానంతటదే తెగిపోతుంది.

సేవ్‌లో ఏం మిగిలిందో చూడాలంటే స్కైరిమ్ ఇనీలో పాపిరస్ విభాగం కింద లాగింగ్‌ను ఆన్ చేయాలి. ఆ తర్వాత సేవ్ లోడ్ చేస్తే మై గేమ్స్‌లోని లాగ్స్ ఫోల్డర్ కింద ఒక టెక్స్ట్ ఫైలు తయారవుతుంది. ఫలానా పేరున్న స్క్రిప్టు దొరకడం లేదు, ఫైలు లేదేమో అని గేమ్ అందులో రాసుకుంటుంది. ఆ స్క్రిప్టు పేరును బట్టి అది ఏ మాడ్‌దో తరచూ గుర్తుపట్టవచ్చు, ఎందుకంటే మాడ్ రాసేవారు స్క్రిప్టు పేరుకు ముందు తమ గుర్తుగా రెండు మూడు అక్షరాలు చేర్చుకుంటారు. అయితే ఆ లాగ్ చూసి కంగారు పడకూడదు. మాడ్ లేని గేమ్‌లో కూడా అది ఫిర్యాదులతో నిండే ఉంటుంది. ఒకే పేరు వందలసార్లు తిరిగి తిరిగి వస్తుంటేనే పట్టించుకోవాలి. పని అయ్యాక లాగింగ్ ఆపేయండి, ఊరికే భారం.

రీసేవర్ అనే పనిముట్టు సేవ్‌ను తెరిచి ఇలా అనాథలుగా మిగిలిన స్క్రిప్టులను చూపిస్తుంది, తొలగిస్తుంది. చాలామంది దాన్ని సర్వరోగ నివారిణి అనుకుంటారు. నా లెక్కలో అది వాయిదా మాత్రమే. మూలం పోయిన స్క్రిప్టును తీయగలదు గానీ, ఆ స్క్రిప్టు బతికి ఉన్నప్పుడు ప్రపంచంలో చేసిన మార్పులను వెనక్కు తిప్పలేదు. మాడ్ ఒక కాపలాదారును చంపి ఉంటే అతను చచ్చే ఉంటాడు. మాడ్ మధ్యలో ఆపిన క్వెస్టు మధ్యలోనే ఉంటుంది. మాడ్ వేయకముందు చేసిన సేవ్ ఉంటే దానికి వెళ్లడమే సరైన దారి. లేకపోతే, కథ చివరికి వచ్చి ఉంటే ఆ మాడ్‌ను మళ్లీ వేసి, అది ఉండగానే ఆట ముగించడం కూడా మంచి నిర్ణయమే. కథ మొదట్లోనే ఉంటే కొత్తగా మొదలుపెట్టండి.

సెట్టింగులు సేవ్‌లో ఇరుక్కునే సందర్భం కూడా ఒకటుంది. దూరంగా ఉన్న ప్రాంతాలను కూడా పూర్తి వివరంతో చూపించాలని ఇనీలో యూగ్రిడ్స్‌టులోడ్ అనే విలువను 5 నుంచి 7కు పెంచమని పాత సలహా ఒకటి తిరుగుతూ ఉండేది. పాత స్కైరిమ్‌లో 7తో చేసిన సేవ్‌ను 5తో లోడ్ చేస్తే గేమ్ కూలుతుంది. ఇనీలను శుభ్రం చేసిన పుణ్యానికి సేవ్ తెరుచుకోవడం మానేస్తే ముందు పాత ఇనీలో ఈ విలువ ఎంతుందో చూడండి. శుభ్రం చేయడానికి ముందు పాతవాటిని చెరపకుండా పక్కన దాచమని చెప్పేది ఇలాంటి వాటికోసమే.

అన్ని గేమ్‌లూ ఇంత పట్టుదలగా గుర్తుపెట్టుకోవు. ది సిమ్స్ 4లో మాడ్‌లన్నీ డాక్యుమెంట్స్ కింద ఒకే మాడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, అప్‌డేట్ వచ్చినప్పుడు గేమ్ తానే వాటిని ఆపేస్తుంది. మాడ్ తీశాక లోకల్‌థంబ్‌కాష్ అనే ఫైలును కూడా చెరపాలి, పాత ఛాయలు అందులో నిల్వ ఉంటాయి. గేమ్ మళ్లీ రాసుకుంటుంది కాబట్టి చెరపడంలో ప్రమాదం లేదు. మైన్‌క్రాఫ్ట్‌లో మాత్రం జాగ్రత్త. మాడ్ తీసేసి ప్రపంచాన్ని తెరిస్తే ఆ మాడ్ ఇటుకలతో కట్టినవి మాయమవుతాయి. ఆ స్థితిలో సేవ్ అయ్యాక మాడ్‌ను తిరిగి వేసినా అవి రావు. అక్కడ మాడ్‌లను లోడ్ చేసే ఫోర్జ్ ముందుగా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చూశాక ముందుకు వెళ్లాలంటే ప్రపంచం ఫోల్డర్‌కు నకలు తీసుకున్నాకే వెళ్లాలి.

ఇంత చూసినా దోషి దొరకకపోతే సగం సగం పద్ధతి ఉంది. అనుమానమున్న ఫైళ్లలో సగం పక్కకు తీసి నడపండి. సమస్య పోతే తీసిన సగంలో, పోకపోతే మిగిలిన సగంలో దోషి ఉన్నట్టు. అలా 64 ఫైళ్లున్నా ఆరు విడతల్లో ఒకదానికి చేరతాం. రెండు ఫైళ్లు కలిసినప్పుడే గొడవ పడే రకమైతే ఈ లెక్క కుదరదు. పరీక్షలో దోషి కనిపిస్తూ మాయమవుతూ ఉంటాడు. అప్పుడు స్టీమ్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి, మిగిలిన ఫోల్డర్ పేరు మార్చి, గేమ్‌ను కొత్తగా దించుకోవడం తక్కువ శ్రమ. ఈ పనికి ముందు మై గేమ్స్‌లోని సేవ్‌లను వేరే చోట దాచుకోండి. ఎస్‌కేఎస్‌ఈ వాడి ఉంటే ఒక్కో సేవ్‌కు రెండేసి ఫైళ్లుంటాయి, పేరు ఒకటే, తోక వేరు. రెండూ కలిపే కదపాలి. స్టీమ్ క్లౌడ్‌ను తాత్కాలికంగా ఆపకపోతే మీరు తీసేసిన సేవ్‌లను అది తిరిగి తెచ్చి పెట్టవచ్చు. పాత 2011 గేమ్ వాడేవారు స్టీమ్ వర్క్‌షాప్‌లో సబ్‌స్క్రైబ్ చేసినవి కూడా చూసుకోవాలి. అక్కడ రద్దు చేయనంతవరకు లాంచర్ వాటిని మళ్లీ దించుతూనే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ఆడే గేమ్‌లకు మాత్రం వేరే కొలమానం. జీటీఏ ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబర్ నుంచి బ్యాటిల్‌ఐ అనే మోసాల నిరోధక వ్యవస్థ తోడైంది. అంతకుముందు నుంచే స్క్రిప్ట్ హుక్ వీ ఆన్‌లైన్‌లోకి వెళ్తే గేమ్‌ను తానే మూసేసేది. ఒంటరిగా ఆడే గేమ్‌లో మిగిలిపోయిన ఫైలు వల్ల పోయేది ఒక సాయంత్రం, ఇక్కడైతే ఖాతానే పోవచ్చు. ఏఎస్‌ఐ తోకున్న ఫైళ్లు, డీఇన్‌పుట్8, స్క్రిప్ట్‌హుక్ ఫైళ్లు ఒక్కటి కూడా మిగలకుండా తీశాకే ఆన్‌లైన్ బటన్ ముట్టుకోవాలి.

స్కైరిమ్ లాంటి చోట ఇంత కచ్చితత్వం అక్కర్లేదు. ప్లగిన్‌ల జాబితాలో లేని ప్లగిన్ పేరు ఒకటి మిగిలి ఉంటే గేమ్ దాన్ని చూసీ చూడనట్టు దాటిపోతుంది. డేటాలో ఖాళీ ఫోల్డర్లు ఉంటే ఉండనివ్వండి. ఏ మాడో వదిలేసిన రీడ్‌మీ ఫైలు పది సంవత్సరాలు పడి ఉన్నా దాని దారిన అది ఉంటుంది.